సదయ్య కొన్న చివరి బిళ్ళ

సదయ్యది బొగ్గు బాయిలో సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలి మీద పడకుండా దుంగలు, ఇనుప బోల్టులు పెట్టి నిలబెట్టడం. గోదావరిఖనిలో ఒకే బాయిలో ముప్పై ఏళ్లకు పైగా ఆ పనే చేశాడు. మనిషి పొట్టి, మాట తక్కువ. బాయి మీద ఆయన పేరు అందరికీ తెలిసింది మాత్రం ఆ పని వల్ల కాదు, బంగారు బిళ్ళల వల్ల.

ఆయన పనిచేసే రిలేలో, అంటే షిఫ్టు జట్టులో, ఎవరు దిగిపోతున్నా తోటివాళ్లంతా తలా ఇంత వేసుకుని ఒక బంగారు బిళ్ళ చేతిలో పెట్టి పంపేవారు. రిటైరవడాన్ని అక్కడ దిగిపోవడమే అంటారు. వెనకటికి ఆ పైసలు వసూలు చేసినాయన తాగి సగం పోగొట్టాడు. "సదయ్యకియ్యుండ్రి, ఆయన చాయ్ గూడ ఎవల పైసలతోని తాగడు" అన్నారెవరో. ఆ రోజు నుంచి ఆ పని సదయ్య మెడకు పడింది.

జీతాలు పడ్డ మరునాడు హాజరు వేసే మస్టరు గది పక్కన వేపచెట్టు నీడకు నిలబడేవాడు. అడిగేవాడు కాదు. డ్యూటీ దిగి బయటికొచ్చేవాళ్లు మసి చేతులతోనే నోట్లు తీసి ఇచ్చి పోయేవారు. కుర్రవాళ్లు ఆయన కూతురు జమున ఫోనుకు పైసలు కొట్టేవారు. అలా నిలబడటం సదయ్యకు ఇష్టంగా ఉండేది. పైకి విసుక్కునేవాడు, "ఈసారి ఇంకెవలకన్న చెప్పుండ్రి" అనేవాడు గానీ, ఎవరైనా నిజంగానే ఆ పని తీసుకుంటారేమోనని లోపల బెంగపడేవాడు. భూమిలోపల ఆయన ఎన్ని దుంగలు నిలబెట్టినా చూసి మెచ్చుకున్నవాడు లేడు. ఇక్కడ మాత్రం అంతమంది తనను నమ్మి పైసలిస్తున్నారు. ఆయన బతుకులో గొప్ప అని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే.

బిళ్ళ కొనేది లక్ష్మీనగర్‌లో భూపాల్ దుకాణంలో. ఏ రోజుకారోజు ధర భూపాల్ చెప్పేవాడు, దానిమీద మజూరి అని కొంత, తరుగు అని కొంత వేసేవాడు. అచ్చు గుద్దిన బిళ్ళకు తరుగేమిటని సదయ్యకు ఎప్పుడూ తోచలేదు. బిల్లు బిళ్ళ ఉండే చిన్న డబ్బాలోనే పెట్టించి, డబ్బా అలాగే తీసుకెళ్లి దిగిపోయేవాళ్ల చేతికిచ్చేవాడు.

మొయినుద్దీన్ దిగిపోయే నెల వచ్చింది. ఆయనా సదయ్యా ఒకే ఏడు నౌకరీలో చేరినవాళ్లు. ఒకే దుంగకు చెరో కొస పట్టి మోసినవాళ్లు. ఒకసారి పైనుంచి బండ ఊడిపడితే మొయినుద్దీన్ కాలు కింద ఇరుక్కుంది. మిగిలినవాళ్లు వెనక్కి ఉరికినా సదయ్య ఉరకలేదు. ఆ బండ కింద కడ్డీ దూర్చి, కాలు బయటికి తీసేదాకా అక్కడే ఉన్నాడు. అలాంటి స్నేహితుడికి పెట్టే బిళ్ళ ఐదు గ్రాములకు తగ్గకూడదని సదయ్య పట్టుదల. చూస్తే బంగారం మండిపోతోంది. ఎప్పుడూ వేసుకునే పైసలు చాలవు, ఇంకా వెయ్యమని అడగడానికి నోరు రాదు.

జమున రామగుండంలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. తండ్రి దిగాలుగా కూర్చుని ఉంటే ఫోన్ తీసి చూపించింది.

"బాపూ, గిదే ఐదు గ్రాముల బిళ్ళ ఆన్‌లైన్‌ల తక్కువకొస్తంది. నా కార్డు మీద ఈ రెండు రోజులే ఆఫర్ ఉన్నది. మజూరి లేదు, తరుగు లేదు. సీల్ చేసి పంపుతరు."

"డబ్బల రాయి వెట్టి పంపితే?"

"నేనున్న గద. వాపస్ చేస్తం."

సదయ్య ఒక పూటంతా ఆలోచించి సరేనన్నాడు. పార్సిల్ వచ్చిన రోజు డ్యూటీకి నాగా పెట్టాడు. తెచ్చిన కుర్రాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, భార్య సారవ్వ చూస్తుండగా విప్పాడు. ఏటీఎం కార్డంత అట్ట, మధ్యలో గాజులాంటి ప్లాస్టిక్ కింద బిళ్ళ, పక్కన దాని నంబరు, స్వచ్ఛత. సారవ్వ కళ్లకద్దుకుంది.

బిళ్ళకు పోను పైసలు మిగిలాయి. ఎన్నడూ మిగలనివి ఈసారి మిగిలాయి.

"మొయినన్నకు మంచి శాలువ కొను" అంది సారవ్వ.

"బిళ్ళ పేరు మీద ఇచ్చిన పైసలు శాలువకెట్ల వెడ్తం? ఎవలది వాళ్లకిచ్చేస్త."

మరునాడు వేపచెట్టు కింద నిలబడి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు తలకో వంద నోటు తిరిగి ఇచ్చాడు. ఆయన మొహంలో ఆ రోజున్నంత వెలుగు పెళ్లినాడు కూడా లేదని సారవ్వ తర్వాత అనేది.

నోటు తీసుకున్నవాళ్లలో ఉపేందర్ ఒకడు. తండ్రి నౌకరీ తనకొచ్చిన కుర్రవాడు, మాటకారి, నలుగురూ వాడి చుట్టూ చేరతారు. నోటు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది కాకా, వాపసు?"

"ఆన్‌లైన్‌ల తక్కువకు దొరికింది బిడ్డా. మిగిలినయి."

"మంచిదే." ఉపేందర్ నోటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అంటే ఇంతకుముందు గూడ మిగులుండె అన్నట్టు."

"ఇంతకుముందు భూపాల్ దగ్గర గద కొన్నది. మిగల్లే."

"అవునా" అన్నాడు ఉపేందర్.

మొయినుద్దీన్ సన్మానం బాగా జరిగింది. ఇంటికి వెళ్లాక ఆయన భార్య సుగ్రా బీకి అనుమానమొచ్చింది. ఫోనులో కొన్న బంగారం నిజమైనదేనా అని. మొయినుద్దీన్ సదయ్యకే ఫోన్ చేశాడు. "ఏమనుకోకు సదయ్యా, ఆడోళ్ల ఫికర్. భూపాల్ దగ్గర మిషన్ల వెట్టి చూపిస్తే అయిపోతది. నువ్వు గూడ రా." సదయ్య సంతోషంగా వెళ్లాడు. ఆ పూట ఉపేందర్ కూడా దుకాణంలో ఉన్నాడు, భార్య పట్టీలు మార్పిద్దామని వచ్చాడట.

భూపాల్ సీలు చింపి బిళ్ళను మిషన్‌లో పెట్టాడు. అద్దంలో అంకెలు వచ్చాయి. వంక పెట్టడానికి వీల్లేని అంకెలు. భూపాల్ వాటినే కాసేపు చూసి, "ఎంతకొచ్చింది?" అనడిగాడు. సదయ్య చెప్పాడు. ఏళ్ల తరబడి ఆ బాయి మీది ప్రతి బిళ్ళా అమ్మినవాడు భూపాల్. ఆ బేరం చేయి జారిందని ఆ అంకె విన్నప్పుడే తెలిసిపోయింది.

బిళ్ళను అరచేతిలో ఎగరేసి పట్టుకుని నవ్వాడు.

"సొక్కం బంగారం. మంచిగ కొన్నడు సదన్న. మరి ఇన్నేండ్లు నా దగ్గరనే ఎందుకు కొన్నడంటే, అది మా ఇద్దరికే ఎరుక. ఏం సదన్నా?"

సదయ్యకు అది పాత గిరాకీతో చేసే పరాచికంలా వినిపించింది. ఆయనా నవ్వాడు.

"సదన్నకు స్పెషల్ చాయ్ చెప్పుర్రి" అని కేకేశాడు భూపాల్.

ఉపేందర్ ఇద్దరి మొహాలూ చూశాడు.

అంతే జరిగింది. భూపాల్ అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు. రెండు రోజులు తిరక్కముందే బాయి మీద అందరికీ తెలిసిపోయింది. సదయ్య ప్రతి బిళ్ళ మీదా భూపాల్ దగ్గర కమీషన్ తిన్నాడు, దుకాణంలో అందరి ముందు భూపాలే అన్నాడు, సదయ్య కాదనకపోగా నవ్వాడు. ఇప్పుడు ధరలన్నీ ఫోనులో కనపడుతున్నాయి కాబట్టి దొరికిపోతానని భయపడి వంద వంద వాపసిచ్చాడు.

ఆయనకు పేరు కూడా పెట్టారు. తరుగు కాక.

సదయ్యకు ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియడానికి వారం పట్టింది. క్యాంటీన్‌లో అడుగు పెడితే, "తరుగు కాక వస్తుండు, డబ్బల మూతలు వెట్టుండ్రి, ముద్ద తరుగుతది" అనేవాడొకడు. అందరూ పగలబడి నవ్వేవారు. పనిచోట దుంగ కొలుస్తుంటే, "జెర చూసి కొలువు కాకా, దీంట్ల గూడ నీకు రావాల్నా" అనేవాడు ఇంకొకడు. వాళ్లలో చాలామందికి ఆయన పని నేర్పాడు. కొందరి తండ్రులకు బిళ్ళ ఇచ్చాడు.

క్యాంటీన్ మధ్యలో నిలబడి ఒకరోజు చెప్పాడు. "ఆరోజు జమున కార్డుకు ఆఫర్ ఉండె. అందుకే తక్కువకొచ్చింది. అంతకుముందు నాకు ఈ ఆన్‌లైన్ సంగతే ఎరుక లేదు. బిల్లులన్నీ దిగిపోయినోళ్ల దగ్గరనే ఉన్నయి, చూసుకోండ్రి."

ఉపేందర్ ఇడ్లీ నమలడం ఆపలేదు. "బిల్లు రాసింది భూపాలే గద కాకా. నీకిచ్చింది బిల్లు మీద రాస్తడా?"

"నేను తీసుకోలే రా. నా బిడ్డ మీద ఒట్టు."

"మరెందుకు నవ్వినవ్?"

ఎందుకు నవ్వాడో ఎలా చెప్పాలో సదయ్యకు తెలియలేదు. ఆయన నిలబడి ఉండగానే వాళ్లు మాటలు మార్చేసుకుని క్రికెట్లోకి వెళ్లిపోయారు.

లక్ష్మీనగర్ వెళ్లి భూపాల్‌ను బతిమాలాడు. భూపాల్ కుర్చీ చూపించాడు గానీ చాయ్ చెప్పలేదు.

"సేట్, ఒక్కసారి బాయి మీదికొచ్చి, సదయ్యకు నేనేమియ్యలేదని చెప్పు. నీ కాల్మొక్కుత."

"ఇచ్చిన్నని ఎవలతోనన్న అన్ననా నేను?"

"అనలే. గని గట్ల అర్థం చేసుకున్నరు."

"వాళ్ల అర్థానికి నేనేం జేస్త సదన్నా?" భూపాల్ గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. "వచ్చే నెల మీ రిలేల ఇద్దరు దిగిపోతున్నరట. ఆ బిళ్ళలు నా దగ్గర కొనిపియ్యి. అప్పుడు ఆలోచిస్త."

"నా చేతికి ఇంక ఎవలిస్తరు పైసలు?"

భూపాల్ తలెత్తి చూశాడు. "మరి నీతోని నాకేం పనున్నది చెప్పు" అన్నాడు చాలా మామూలుగా, అడిగినవాడికి దారి చెప్పినట్టు.

ఆ నెల వేపచెట్టు కింద ఉపేందర్ నిలబడ్డాడు. సదయ్య తన వంతు తెచ్చిస్తే ఉపేందర్ ఆ నోట్లను అందరి ముందూ రెండుసార్లు లెక్కపెట్టి, ఒకదాన్ని ఎండకెత్తి చూశాడు. చుట్టూ నవ్వులు. ఇటు క్వార్టర్ల దగ్గర నల్లా కాడ బిందె పెడితే ఆడవాళ్లు సారవ్వను అడిగేవారు, "మా ఆయన బిళ్ళల మీకెంత మిగిలింది సారక్కా?" సారవ్వ మొదట్లో తిరగబడి కొట్లాడింది. తర్వాత తర్వాత అందరూ నీళ్లు పట్టుకుపోయాక, సన్నటి ధార మీద ఒక్క బిందె పట్టుకొచ్చుకునేది.

మే నెలలో సదయ్య దిగిపోయే రోజు వచ్చింది. ఆయన ఏమీ ఆశించలేదు. ఆఫీసులో కాగితాల మీద సంతకాలు పెట్టి ఇంటికొచ్చేద్దామనుకున్నాడు. వారం ముందు ఉపేందరే ఎదురొచ్చి భుజం మీద చేయి వేశాడు.

"కాకా, అయిందేదో అయింది. నీకు మంచిగ ఫంక్షన్ చేస్తున్నం. అవ్వను తోల్కరా."

ఇంటికి వస్తూనే సదయ్య ఆ మాట భార్యకు చెప్పాడు. "వాళ్లకు అర్థమైందే సారవ్వా. నోటితోని చెప్పలేరు గద, గందుకే గిట్ల చేస్తున్నరు." ఆమె నమ్మలేదు గానీ, ఆయన మొహం చూసి నమ్మినట్టే తలూపింది. జమున తెల్లచొక్కా ఇస్త్రీ చేయించింది. సారవ్వ పెట్టె అడుగున ఉన్న పట్టుచీర తీసింది.

బాయి మీద షామియానా వేశారు. మేనేజరు దండ వేసి, రెండు మాటలు చెప్పి, ఫోనొస్తే వెళ్లిపోయాడు. మైకు ఉపేందర్ చేతికొచ్చింది. దిగిపోయిన పాతవాళ్లు కూడా వచ్చారు. ముందు వరసలో మొయినుద్దీన్ కూర్చున్నాడు.

"సదయ్య కాక గురించి ఎంత చెప్పినా తరగది" అన్నాడు ఉపేందర్. వెనకనుంచి ఈలలు. "మన అందరి బంగారం ఆయన చేతుల మీదనే పోయింది. ఆయన చేసినదానికి తగినట్టే, ఆయన కొన్న కాడనే, ఆన్‌లైన్‌ల తెప్పించినం. స్వచ్ఛమైనది. సీల్ గూడ ఉన్నది."

అందరూ నవ్వారు. సారవ్వ భర్త వైపు చూసింది. సదయ్య కూడా నవ్వుతున్నాడు. ఎర్ర డబ్బా ఆయన చేతిలో పెట్టి, మైకు నోటి దగ్గర పెట్టారు. సదయ్య జన్మలో మైకు పట్టలేదు.

"నా చేతులతోని మస్తు మందికిచ్చిన" అన్నాడు. "నా చేతుల గూడ ఎవలన్న వెడ్తరనుకోలే. మీ అందరికి దండం." ఏడ్చేశాడు. చప్పట్లు మోగాయి. ఫోన్లు పైకి లేచాయి.

"ఇంటికి పోయినంక తెరువు కాకా" అన్నాడు ఉపేందర్ చెవిలో.

ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇల్లు చేరేదాకా ఆ డబ్బాను సదయ్య పిడికిట్లోంచి వదల్లేదు. ఇంట్లో చెల్లెలి కుటుంబం, పక్క క్వార్టర్ల నుంచి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మంచం మీద కూర్చుని అందరికీ కనపడేలా మూత తీశాడు. అట్ట, దాని మీద ప్లాస్టిక్, దాని కింద పచ్చగా మెరుస్తున్న బిళ్ళ. పెద్దది. బొటనవేలితో నొక్కి బయటికి తీయబోతే అది మెత్తగా లోపలికి పోయింది. బంగారు కాగితం చిట్లి, వేలికి చాక్లెట్ అంటుకుంది.

పక్కింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుపుకో నవ్వుకో తెలియలేదు. సారవ్వ వచ్చి ఆయన వేలు తన పట్టుచీర కొంగుతో తుడిచింది. మరక పడుతుందని జమున అన్నా వినలేదు.

జమున ఉపేందర్‌కు ఫోన్ కొట్టింది. "జోక్ అక్కా" అన్నాడు వాడు. "మరి మా బాపు పేరు మీద వసూలు చేసిన పైసలేవి?" అంటే, "చెయ్యనే లేదు. తరుగు కాకకు ఎవలిస్తరక్కా?" అన్నాడు. అప్పటికే సదయ్య మైకు ముందు ఏడ్చిన వీడియో రిలే గ్రూపులో తిరుగుతోంది. దాని కింద నవ్వే బొమ్మలు వరసగా ఉన్నాయి.

మరునాడు మధ్యాహ్నం సదయ్య మొయినుద్దీన్ ఇంటికి వెళ్లాడు. సుగ్రా బీ మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. మొయినుద్దీన్ ఆయన కళ్లలోకి చూడలేదు.

"నీకెరుకేనా?" అనడిగాడు సదయ్య.

"ముందు రోజు చెప్పిండ్రు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు రాకపోదువు. అంత మంది కూడిండ్రు. నేనే చెప్పిన్నని తెలిస్తే నా ఇజ్జత్ పోతుండె, గందుకే ఊకున్న." నేల చూస్తూనే, "నేను నవ్వలే సదయ్యా" అన్నాడు.

"చప్పట్లు కొట్టినవ్. చూసిన."

మొయినుద్దీన్ లేచి లోపలికి వెళ్లి బీరువా తెరిచాడు. తన బిళ్ళ తెచ్చి సదయ్య ముందు బల్ల మీద పెట్టాడు. "ఇది నువ్వు తీస్కో. నా కాలు నువ్విచ్చినదే. ఇదెంత?"

సదయ్య దాన్ని ముట్టుకోలేదు. ఆయన వచ్చింది బిళ్ళ కోసం కాదు.

"మొయినూ, ఒక్క మాట చెప్పు. నేను తిన్ననా?"

మొయినుద్దీన్ వెంటనే లేదని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఆయన సదయ్య చేయి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్లలో నీళ్లు నిండాయి. ఎంతో ప్రేమగా అన్నాడు.

"తింటే ఏమాయెరా. నేను ఎన్నడో మాఫ్ చేసిన."

సదయ్య చేయి వెనక్కి తీసుకున్నాడు. గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి, చెప్పులు తొడుక్కుని, ఎండలోకి నడిచాడు. మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. మొయినుద్దీన్ రెండుమూడు సార్లు ఫోన్ చేసి, తర్వాత మానేశాడు.

దిగిపోయినవాళ్లు క్వార్టరు ఖాళీ చేయాలి. సదయ్య గోదావరిఖనిలో ఇల్లు చూడలేదు. పెద్దపల్లి బయట కొత్తగా వేసిన కాలనీలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. ఖనిలో బిళ్ళల వసూలు ఇప్పుడు ఉపేందర్‌దే. కొనేది మళ్లీ భూపాల్ దుకాణంలోనే. తరుగు ఉంటుంది, మజూరి ఉంటుంది, మిగిలేది ఏమీ ఉండదు. ఉపేందర్‌కు కొంత ముడుతుందని అందరికీ తెలుసు. తిరుగుతాడు, కష్టపడతాడు, వాడికీ కొంత ఉండాలి కదా అంటారు.

వానాకాలం మొదట్లో కాలనీలో బోరు మోటారు కాలిపోయింది. ఇంటికింత వేసుకుని బాగు చేయించాలని నలుగురు బయలుదేరి సదయ్య గుమ్మం దగ్గరికొచ్చారు. ఆయన గురించి వాళ్లకేమీ తెలియదు. బొగ్గు బాయిలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి, నోట్లో నాలుక లేని మనిషి అని మాత్రం తెలుసు.

"పెద్దాయనా, పైసలు మీ దగ్గర జమ చేస్తం. మీరైతే మంచిగుంటది" అన్నాడు వాళ్లలో ఒకడు.

సదయ్య లోపలికి వెళ్లి తన వంతు తెచ్చి వాళ్ల చేతిలో పెట్టాడు. "నాకు లెక్క రాదు బిడ్డా" అని తలుపు దగ్గరికి వేశాడు. పొయ్యి దగ్గర సారవ్వ ఆ మాట విని, వంచిన తల ఎత్తకుండా కూరలో ఉప్పు వేసుకుంది.